అమెరికా ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీని ప్రైవేటుకిస్తే లైన్లు తగ్గుతాయా? మా నాన్న చెప్పిన అద్దె బస్సు లెక్క

"అమెరికా ఎయిర్‌పోర్టుల్లో సెక్యూరిటీ లైన్లు అంత పొడవుగా ఎందుకుంటాయి, ఆ పని ప్రైవేటు కంపెనీలకి ఇచ్చేస్తే బాగుపడుతుందా" అని ఒకరు అడిగారు. కొన్నిచోట్ల ఇచ్చేసి ఇరవై ఏళ్లు దాటింది. చాలామందికి తెలియదంతే.

నాకూ తెలిసేది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటాను. కన్సల్టింగ్ ఉద్యోగం. కోవిడ్ రెండేళ్లు తీసేస్తే 2014 నుంచి దాదాపు ప్రతి సోమవారం పొద్దున్నే ఫ్లైటెక్కి వేరే ఊరు పోవడం, గురువారం సాయంత్రం తిరిగి రావడం. శాన్‌ఫ్రాన్సిస్కోలో సోమవారం నా బ్యాగు చూసేది ప్రైవేటు కంపెనీ మనుషులని, గురువారం అవతలి ఊళ్లో చూసేది ప్రభుత్వ ఉద్యోగులని మూడేళ్లదాకా గమనించలేదు. యూనిఫాం దాదాపు ఒకటే, భుజం మీద బ్యాడ్జీ వేరు. అవే మెషీన్లు, అవే ట్రేలు, అవే అరుపులు.

లైన్లు ఎందుకు పెరుగుతాయో నాకు బాగా అర్థమైంది మాత్రం 2023 జూన్‌లో. అమ్మానాన్నలతో ఒక పెద్ద ఎయిర్‌పోర్ట్ నుంచి తిరిగొస్తున్నాం. పేరు రాయను, ప్రభుత్వ సిబ్బంది ఉన్నదే. 7:40కి ఫ్లైట్. ముగ్గురం మామూలు లైన్లో నిలబడ్డాం. ఎక్స్‌రే బెల్టులు ఎనిమిది ఉన్నాయి, నడుస్తున్నవి మూడు. ఖాళీ ట్రేలు అవతల గుట్టగా పడి ఉంటే ఇవతల జనం ట్రేల కోసం ఎదురుచూపులు. యాభై నిమిషాలకి మా వంతు వచ్చింది. నాన్న, నేను దాటేశాం. అమ్మ స్కానర్లో చేతులెత్తి నిలబడి బయటికి రాగానే తెర మీది బొమ్మకి రెండు మణికట్ల దగ్గరా పసుపు గళ్లు. గాజులు. పెళ్లినాటివి, సబ్బు రాసినా ఊడి రావు.

అక్కడున్న ఆఫీసరు మగమనిషి. ఆడవాళ్లని ఆడ ఆఫీసరే తడిమి చూడాలన్నది రూలు, మంచి రూలే. అతను రేడియోలో "ఫీమేల్ అసిస్ట్" అన్నాడు. కాసేపాగి మళ్లీ అన్నాడు. మూడు లైన్లకీ కలిపి ఒక్కతే లేడీ ఆఫీసరు, ఆవిడ ఇంకెవరి దగ్గరో ఉంది. అమ్మ చెప్పుల్లేకుండా ఆ రబ్బరు చాప మీద పద్దెనిమిది నిమిషాలు నిలబడింది. ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు మొహం పెట్టుకుని. చివరికి ఆవిడ ఆయాసపడుతూ వచ్చి "ప్రైవేట్ స్క్రీనింగ్ కావాలా?" అని అడిగింది, అంటే గదిలోకి తీసుకెళ్లి చూడమంటారా అని. నాన్న నాతో "ప్రైవేటు వాళ్లు వేరే ఉన్నారా? అయితే అక్కడికే పోదాం పదరా" అన్నారు. మేం గేటు దగ్గరికి పోయేసరికి తలుపు వేసేశారు.

తర్వాతి ఫ్లైట్ ఇంకో ఐదు గంటల తర్వాత. నాన్న ఆర్టీసీలో డిపో కంట్రోలరుగా రిటైరయ్యారు, డ్యూటీ చార్టులు వేసిన మనిషి. కూర్చున్నంతసేపూ ప్రశ్నలే. ప్రైవేటు వాళ్లు నిజంగానే ఉన్నారని, అదీ నేనుండే శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్ట్‌లోనే అని మొత్తం చెప్పాను. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత 2001 నవంబర్‌లో చట్టం తెచ్చి, ఎయిర్‌పోర్టుల్లో ప్రయాణికుల్ని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థగా టీఎస్ఏని పెట్టారు. కానీ అదే చట్టంలో ఐదు ఎయిర్‌పోర్టుల్లో స్క్రీనింగ్‌ని ప్రయోగంగా ప్రైవేటు సిబ్బందితో నడపమన్నారు, ఎంచినవి ఇవి: శాన్‌ఫ్రాన్సిస్కో, కాన్సాస్ సిటీ, రోచెస్టర్, టుపెలో, జాక్సన్ హోల్. 2004 నుంచి ఏ ఎయిర్‌పోర్టయినా అడగొచ్చు. అయినా నాలుగొందలకి పైగా ఉన్నవాటిలో ఆ దారి పట్టినవి ఇరవై దాకానే, ఎక్కువ చిన్నవే. కంపెనీని ఎంచేది, డబ్బు కట్టేది టీఎస్ఏ. రూలు టీఎస్ఏది, మెషీను టీఎస్ఏది, పైన నిలబడి చూసే అధికారి టీఎస్ఏ మనిషి. జీతం ప్రభుత్వ ఉద్యోగికిచ్చే దానికంటే తగ్గకూడదు.

నాన్న అంతా విని "ఇది మన అద్దె బస్సేగా" అన్నారు.

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. అద్దె బస్సులో బస్సు ఓనరుది, డ్రైవరు ఓనరు మనిషి. రూటు, టైము, టికెట్టు, కండక్టరు ఆర్టీసీవి. ఎక్కినవాడికి అది ఆర్టీసీ బస్సే. కాబట్టి "ప్రైవేటు" అనగానే రూల్స్ సడలిపోతాయనుకోకండి. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే మా అత్తగారి ఆవకాయ సీసా తీసి చెత్తబుట్టలో వేశారు. నూనె తేలుతున్న సీసాని ఆ అమ్మాయి వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఇటూ అటూ వంచి చూసి, వంద మిల్లీలీటర్లు దాటింది సారీ అంది. పచ్చడి దగ్గర ప్రైవేటూ ప్రభుత్వమూ ఒకటే.

మరి తేడా ఎక్కడుంది? నేను స్పష్టంగా చూసింది షట్‌డౌన్ల టైములో. 2018 డిసెంబర్ 22 నుంచి 35 రోజులు, బడ్జెట్‌కి ఆమోదం రాక ప్రభుత్వం స్తంభించింది. టీఎస్ఏ వాళ్లు జీతం లేకుండా పనిచెయ్యాలి. జనవరి మధ్యకి చాలామంది సిక్ లీవులు పెట్టేశారు. హ్యూస్టన్‌లో ఒక టెర్మినల్ చెక్‌పాయింటే మూసేశారు, అట్లాంటాలో లైను గంట దాటింది. ఇంటి అద్దె కట్టలేనివాడు పెట్రోలు పోసుకుని డ్యూటీకి ఎలా వస్తాడు, వాళ్లని తప్పుపట్టను. ఆ నెలలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం సోమవారాలు మామూలుగానే గడిచాయి, ఎందుకంటే అక్కడి సిబ్బందికి జీతమిచ్చేది కంపెనీ. అదే గురువారం అవతలి ఊళ్లో చుక్కలు కనిపించేవి. 2025లో 43 రోజుల షట్‌డౌన్ వచ్చినప్పుడూ ఇదే కథ.

రెండో తేడా కంటికి కనపడదు. టీఎస్ఏ తన పనిని తనే చేసుకుని తనే తనిఖీ చేసుకుంటుంది. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు బయటి నుంచి వచ్చి చేసిన, 2015లో బయటపడ్డ రహస్య పరీక్షల్లో 70 సార్లు నకిలీ ఆయుధాలు, బాంబులు దాటిస్తే 67 సార్లు పట్టుకోలేకపోయారు. పరీక్ష రాసేవాడు, పేపరు దిద్దేవాడు ఒక్కడే అయితే ఇంకెలా ఉంటుంది? కంపెనీ అయితే కాంట్రాక్టు పోతుందన్న భయమైనా ఉంటుంది. (భయం ఉన్నా సరిపోదనుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే 2003, 2004ల్లో రహస్య పరీక్షకులు వస్తున్నారని సిబ్బందికి ముందే ఉప్పందించారని తర్వాత ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో తేలింది. అందులో కంపెనీవాళ్లూ ఉన్నారు, టీఎస్ఏవాళ్లూ ఉన్నారు.)

ఇక లైను పొడవు సంగతి. నాన్న మాటల్లో చెప్పాలంటే, సంక్రాంతికి స్పెషల్ బస్సులు వెయ్యాలని డిపోలో ఉన్నవాడికి ముందే తెలుస్తుంది. ఇక్కడ ఏ ఎయిర్‌పోర్ట్‌కి ఎంతమంది అన్నది పైనుంచి వస్తుంది, కొత్తవాళ్లని తీసుకోవడం ఎయిర్‌పోర్ట్ చేతిలో లేదు. 2016 మేలో షికాగో ఓహేర్‌లో లైన్ల వల్ల ఒక్కరోజే వందల మందికి ఫ్లైట్లు తప్పిపోయాయి, కొందరు మడత మంచాల మీద తెల్లవార్లూ పడుకున్నారు. గొడవ పేపర్లకెక్కాక మనుషుల్ని, వాసన పట్టే కుక్కల్ని అదనంగా పంపారు, లైన్లు తగ్గాయి. అంటే చెయ్యడం చేతకాక కాదు. ప్రైవేటు కాంట్రాక్టులో షిఫ్టులు అటూ ఇటూ మార్చడం, పార్ట్‌టైము వాళ్లని పిలవడం సులువు. అమ్మ దగ్గరికి ఇంకో లేడీ ఆఫీసరు వచ్చి ఉంటే ఆ ఫ్లైట్ తప్పేది కాదు.

కానీ ప్రైవేటైతే చాలు అనేవాళ్లతో నేను ఏకీభవించను. 2001కి ముందు అమెరికాలో స్క్రీనింగ్ అంతా ప్రైవేటే. ఎయిర్‌లైన్సే కాంట్రాక్టు ఇచ్చేవి, ఎవడు తక్కువకి కోట్ చేస్తే వాడికి. జీతాలు బర్గర్ షాపు స్థాయిలో ఉండేవి, చాలాచోట్ల ఏడాది తిరిగేలోపు సిబ్బంది మొత్తం మారిపోయేవాళ్లు. అలాగే 2022 వేసవిలో ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ చూడండి. అక్కడ స్క్రీనింగ్ ప్రైవేటు కంపెనీలదే. కోవిడ్‌లో వెళ్లిపోయినవాళ్లు ఆ జీతాలకి తిరిగి రాలేదు, లైను బిల్డింగ్ దాటి బయట టెంట్లలోకి వచ్చింది.

మన శంషాబాద్‌లో చూసేది సీఐఎస్ఎఫ్, అచ్చంగా ప్రభుత్వ బలగం. కాందహార్ హైజాక్ తర్వాత 2000 నుంచి రాష్ట్ర పోలీసుల దగ్గర్నుంచి ఒక్కో ఎయిర్‌పోర్టే వాళ్ల చేతికొచ్చింది. అక్కడ ఆడవాళ్లకి తెర కట్టిన గది, అందులో లేడీ కానిస్టేబుల్ ఎప్పుడూ ఉంటారు. "మన దగ్గర గాజులకి ఎవరైనా ఆపారా?" అని అమ్మ ఆ ఐదు గంటల్లో నాలుగుసార్లు అడిగింది. కాబట్టి ప్రభుత్వం చేస్తే పనవదన్నదీ నిజం కాదు.

నా ఓటు అద్దె బస్సు పద్ధతికే, అదీ జీతం తగ్గకూడదన్న షరతు ఉన్నంతవరకే. ఆ షరతు తీసేసిన రోజు 2001కి ముందుకే పోతాం.

ఈలోగా మీ పని మీరు చూసుకోండి. ప్రీచెక్ అంటే ముందే వివరాలిచ్చి వెరిఫై చేయించుకున్నవాళ్లకి వేరే వేగమైన లైను, అది అమెరికా పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి. హెచ్1బీ మీదున్నవాళ్లకి అది నేరుగా రాదు కానీ భారతీయ పౌరులు గ్లోబల్ ఎంట్రీకి (బయటి దేశం నుంచి వచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ త్వరగా దాటించే పద్ధతి) అప్లై చెయ్యొచ్చు, దాంతో ప్రీచెక్ కూడా వస్తుంది. ఐదేళ్లకి 120 డాలర్లు, ఇండియాలో పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది. పెద్దవాళ్లతో వెళ్తుంటే 72 గంటల ముందు టీఎస్ఏ కేర్స్ అనే లైనుకి ఫోన్ చేసి చెప్తే చెక్‌పాయింట్ దగ్గర సాయం అడగొచ్చు. ఇది నాకు ఫ్లైట్ తప్పాకే తెలిసింది. పచ్చళ్లు చెకిన్ బ్యాగులో. 2025 జూలై నుంచి బూట్లు విప్పే బాధ తప్పింది.

వచ్చే నెల అమ్మావాళ్లు మళ్లీ వస్తున్నారు. ఈసారి అమెరికా లోపలి ప్రయాణాలన్నీ ఆదివారం కాకుండా మంగళవారం మధ్యాహ్నాలకి పెట్టాను. గాజులు కంసాలి దగ్గర తీయించి ఇంట్లో పెట్టి రమ్మని ఫోన్లో చెప్తే, "చేతులు బోసిగా పెట్టుకుని విమానమెక్కమంటావా, ఇంకో గంట నిలబడతాలే" అంది.