పరిగెడితే పడిపోతోంది: అది ఫిట్స్ కాదు, లాంగ్ క్యూటీ

ప్రశ్న: మా పాపకు 13 ఏళ్లు, బరువు 40 కిలోలు. స్కూల్లో పరుగు పందెంలో రెండుసార్లు పడిపోయింది. మొదటిసారి ఫిట్స్ అన్నారు. రెండోసారి ఈసీజీ తీస్తే క్యూటీసీ 492 వచ్చింది. జన్యుపరీక్షలో కేసీఎన్‌క్యూ1 లోపం బయటపడింది, అయాన్ ఛానల్ జబ్బు అన్నారు. ప్రొప్రనొలాల్ 40 మి.గ్రా. రోజుకు మూడుసార్లు రాశారు. ఇప్పుడు బాగానే ఉంది. మాత్రలు ఎన్నాళ్లు వాడాలి? పదేళ్ల బాబుకు కూడా వస్తుందా? మాది మేనరికం.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పాప బాగుండటానికి ఆ మాత్రలే కారణం కావచ్చు. అందుకే ముందు ఇది చెప్పాలి: మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపకండి. గుండె స్పందన మొదలై కణాలు మళ్లీ సర్దుకునే వరకు పట్టే సమయాన్ని ఈసీజీలో క్యూటీ అంటారు; అది మామూలుకన్నా పెరిగితే లాంగ్ క్యూటీ. పాపకున్నది అదే. ఎందుకో తెలియాలంటే ఆ అయాన్ ఛానల్ ఏం చేస్తుందో చూడాలి.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాని కండర కణాల్లోకి సోడియం, కాల్షియం వస్తాయి. తర్వాత పొటాషియం బయటికి పోతేనే కణం సర్దుకుని మళ్లీ కొట్టుకోవడానికి సిద్ధమవుతుంది. ఈ రాకపోకలకు కణం పొరలో ప్రొటీన్లతో కట్టిన తలుపులుంటాయి, అవే అయాన్ ఛానళ్లు. మీ పాపలో లోపం ఉన్నది కేసీఎన్‌క్యూ1 జన్యువు తయారుచేసే పొటాషియం తలుపులో. ఒకే రకం ప్రొటీన్ ముక్కలు నాలుగు గుండ్రంగా చేరితే మధ్యలో సన్నని దారి ఏర్పడుతుంది. ఒక్కో ముక్క పొరను ఆరుసార్లు దాటుతుంది. ఆ ఆరింటిలో నాలుగో మెలిక ధనావేశంతో ఉంటుంది. కణంలో వోల్టేజీ మారగానే అది బయటివైపు జరుగుతుంది, ఆ కదలికతో దారి తెరుచుకుంటుంది.

నాలుగు ముక్కలూ సరిగ్గా ఉంటేనే తలుపు పనిచేస్తుందనుకోండి. అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన రెండు జన్యువుల్లో ఒక్కటి చెడినా సగం ముక్కలు చెడ్డవే తయారవుతాయి. అప్పుడు నాలుగూ మంచివే పడిన తలుపులు 16లో ఒకటే. అన్ని లోపాలూ ఇంత తీవ్రంగా ఉండవు గానీ, ఒక్క కాపీ చెడితేనే జబ్బు ఎందుకొస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక పరుగు సంగతి. పరిగెత్తేటప్పుడు అడ్రినలిన్ వచ్చి గుండె కణం మీద దాన్ని అందుకునే బీటా రిసెప్టర్‌ను తాకుతుంది. దాంతో లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత రసాయనం పెరిగి, ప్రొటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైమ్ మేల్కొంటుంది. అది ఈ తలుపులో 27వ స్థానంలో ఉన్న అమైనో ఆమ్లం సెరీన్‌కు ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అప్పుడు పొటాషియం మరింత వేగంగా బయటికి పోతుంది, గుండె ఎంత వేగంగా కొట్టుకున్నా కణాలు వెంటవెంటనే సర్దుకుంటాయి. మీ పాపలో ఈ ఆఖరి మెట్టు సరిగ్గా జరగదు. కాల్షియం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. సర్దుకోవడం పూర్తికాకముందే అదనపు స్పందన పుట్టి, గుండె టార్సాడ్ అనే గందరగోళపు లయలో పడుతుంది. మెదడుకు రక్తం అందక పాప కుప్పకూలుతుంది, కొన్ని క్షణాలు కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. చూసేవారు ఫిట్స్ అనుకునేది అందుకే. ఫిట్స్ తర్వాత పిల్లలు చాలాసేపు మత్తుగా, అయోమయంగా ఉంటారు. దీనిలో చాలావరకు త్వరగానే తేరుకుని మాట్లాడతారు. ఆటలోనో ఈతలోనో పడిపోయిన ఏ పిల్లకైనా, ఏ పిల్లాడికైనా ఫిట్స్ మందు మొదలుపెట్టే ముందు ఈసీజీ తీయాలి.

ప్రొప్రనొలాల్ బీటా రిసెప్టర్ దగ్గరే అడ్రినలిన్‌ను అడ్డుకుంటుంది. తలుపును బాగుచేయదు, కాబట్టి ఎన్నేళ్లయినా వాడాల్సిందే. మోతాదు సాధారణంగా కిలోకు రోజుకు 2 నుంచి 4 మి.గ్రా.; మీ పాపకు రాసింది కిలోకు 3 మి.గ్రా. బరువు పెరిగే కొద్దీ లెక్క మార్చాలి. ఆస్తమా ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ఈ మందు మీద ఉన్నప్పుడు ఉపవాసాలు వద్దు. చక్కెర పడిపోయినా గుండెదడలాంటి హెచ్చరిక తెలియకపోవచ్చు.

గుండె వేగానికి తగ్గట్టు సరిచేసిన క్యూటీయే క్యూటీసీ. మెషీన్ అచ్చువేసిన క్యూటీసీనే నమ్మకుండా చేత్తో కొలిపించండి. ఈసీజీ కాగితంపై ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు. క్యూ అల మొదలు నుంచి టీ అల చివరి వరకు 11 గడులుంటే 440 మిల్లీసెకన్లు. రెండు స్పందనల మధ్య 20 గడులుంటే 0.8 సెకను, దాని వర్గమూలం 0.894. 440ని దీనితో భాగిస్తే 492. 480, ఆపైన ఉంటే లాంగ్ క్యూటీ అని గట్టిగా అనుమానించాలి. 500 దాటితే ప్రమాదం మరీ ఎక్కువ.

నన్ను ఎక్కువ భయపెట్టేది మందుల షాపు. గుండెలో హెర్గ్ అనే మరో పొటాషియం తలుపు ఉంటుంది, ప్రస్తుతం పాప ఎక్కువగా ఆధారపడుతున్నది దానిమీదే. దాని లోపలి గది విశాలంగా ఉంటుంది, గోడల్లోని కొన్ని అమైనో ఆమ్లాలకు రకరకాల మందులు అతుక్కుని దారి మూసేస్తాయి. జలుబు, జ్వరానికి చీటీ లేకుండానే ఇచ్చే అజిత్రోమైసిన్, వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, గ్యాస్ మాత్రలో పాంటాప్రజోల్‌తో కలిపి వచ్చే డొంపెరిడోన్, విరేచనాలకు వాడే ఆఫ్లాక్సాసిన్, తామరకు ఫ్లుకొనజోల్, ఇవన్నీ పాపకు నిషిద్ధం. వాంతులు, విరేచనాలు అయితే పొటాషియం, మెగ్నీషియం పడిపోయి ప్రమాదం మరింత పెరుగుతుంది. వెంటనే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి రక్తపరీక్ష చేయించండి. రక్తంలో పొటాషియం లీటరుకు 4 మిల్లీమోల్స్‌కు తగ్గకూడదు. మాత్ర కక్కేస్తే ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

స్పెషలిస్టు అనుమతించే దాకా పందేలు, ఈత వద్దు. పీఈటీ మాస్టారికి విషయం చెప్పి ఉంచండి. పాప పడిపోయి ఊపిరి సరిగ్గా తీయకపోతే 108కి ఫోన్ చేయిస్తూనే, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు 5 సెం.మీ. లోతుగా నొక్కాలి. మాత్రలు సరిగ్గా వాడుతున్నా పడిపోతే ఐసీడీ (ప్రమాదకర లయను షాక్‌తో సరిచేసేలా శరీరంలో అమర్చే పరికరం) గురించి ఆలోచించాల్సి వస్తుంది.

బాబు విషయంలో ఈసీజీ ఒక్కటి చాలదు. జన్యువులో లోపం ఉన్నా కొందరికి క్యూటీ మామూలుగానే కనిపిస్తుంది. పాప రిపోర్టులో ఉన్న అదే మార్పు కోసం మీ దంపతులకు, బాబుకు పరీక్ష చేయించండి. మీలో ఒక్కరికే ఉంటే బాబుకు వచ్చే అవకాశం సగం, ఇద్దరికీ ఉంటే నాలుగింట మూడు వంతులు. మేనరికం కనుక ఇద్దరికీ ఉండే వీలుంది. రెండు కాపీలూ చెడితే పిల్లలు చాలావరకు పుట్టు చెవుడుతో పుడతారు, ఎందుకంటే లోపలి చెవిలోకి పొటాషియం చేరేది ఈ తలుపుగుండానే. పైగా గుండె జబ్బు మరింత తీవ్రంగా ఉంటుంది. మీ బంధువుల్లో పుట్టు చెవుడున్న పిల్లలు పడిపోయిన సందర్భాలుంటే వారికీ ఈసీజీ తీయించండి. పాప రిపోర్టులో హెటరోజైగస్ అని ఉందో హోమోజైగస్ అని ఉందో చూడండి. మొదటిదైతే ఒక కాపీలోనే లోపం, రెండోదైతే రెండింటిలోనూ.

బాబు రిపోర్టు వచ్చేదాకా పైన చెప్పిన మందులు వాడికీ ఇవ్వకండి.