గేమ్ ఆడేటప్పుడు ల్యాప్‌టాప్ కాలిపోతోంది, ఫ్యాన్ హోరు ఆగట్లేదు: కూలింగ్ ప్యాడ్ కొనాలా?

మూడేళ్ల నాటి గేమింగ్ ల్యాప్‌టాప్, గేమ్ మొదలెట్టిన కాసేపటికే ఫ్యాన్ హోరు, ఆ తర్వాత ఎఫ్‌పీఎస్ (సెకనుకు గీసే ఫ్రేముల సంఖ్య) సగానికి పడిపోవడం, కూలింగ్ ప్యాడ్ (ల్యాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల స్టాండ్) కొంటే సరిపోతుందా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. నాకూ అచ్చం ఇదే సమస్య వచ్చింది, అదీ విజయవాడ ఎండాకాలంలో, ఏసీ లేని గదిలో. పెద్దగా ఖర్చు లేకుండానే తగ్గింది.

ముందు హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, సెన్సర్లు తెరిచి ఉంచి ఓ అరగంట ఆడండి. తర్వాత మాగ్జిమమ్ అనే వరస చూడండి. ప్రాసెసర్ 85, 90 డిగ్రీల దగ్గర ఉంటే గేమింగ్ ల్యాప్‌టాప్‌కి అది మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. 95 దాటి 100 తాకుతూ, థర్మల్ థ్రాట్లింగ్ ఎదురుగా యెస్ అని వస్తే మాత్రం, చిప్ కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటోందన్నమాట. ఎఫ్‌పీఎస్ పడిపోయేది అందుకే.

గేమ్ నడుస్తుండగానే గాలి బయటికొచ్చే చోట అరచెయ్యి పెట్టి చూడండి. నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష ఇదే. ఫ్యాన్ అంత హోరెత్తుతున్నా గాలి నీరసంగా వస్తోందంటే లోపల దుమ్ము అడ్డుపడినట్టే. గాలి జోరుగా వస్తూ గోరువెచ్చగానే ఉండి, స్క్రీన్ మీద మాత్రం 97 చూపిస్తోందంటే చిప్‌లో పుట్టే వేడి, గాలి తగిలే లోహపు రేకుల దాకా చేరట్లేదు, థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని పైనున్న లోహానికి అందించే పూత) ఎండిపోయి ఉండొచ్చు. గాలి జోరుగానూ వేడిగానూ ఉంటే కూలింగ్ బాగానే పనిచేస్తోంది, వేడే ఎక్కువ పుడుతోంది.

నాది మొదటి రకం. వెనక మూత తీయించి చూస్తే ఫ్యాన్‌కీ, గాలి బయటికి పోయే సన్నని రేకులకీ మధ్య దుమ్ము, వెంట్రుకలు కలిసి కంబళిముక్కలా అతుక్కుపోయి ఉన్నాయి. బయటినుంచి ఎంత ఊదినా అది కదలదు, తెరిచి తీయాల్సిందే. వారంటీ ఉంటే వాళ్ల సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. బయట చేయిస్తే దగ్గరుండి చేయించండి. బ్యాటరీ కనెక్టర్ తీశాకే చెయ్యి పెట్టాలి, బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అదుపు లేకుండా తిరిగి బేరింగ్ పోతుంది. ఎలాగూ తెరిచారు కాబట్టి పేస్ట్ కూడా మార్పించెయ్యండి. కొన్ని మోడళ్లలో పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ వాడతారు. దాంట్లో కరెంటు పారుతుంది, బోర్డు మీద చుక్క పడ్డా ప్రమాదం. మీదేదో కనుక్కోకుండా మాత్రం విప్పించొద్దు.

వేడే ఎక్కువ పుడుతుంటే రెండు సెట్టింగులు. మీ స్క్రీన్ 60 హెర్ట్జ్ అయితే, అంటే సెకనుకు 60 సార్లే బొమ్మ మార్చేదైతే, గేమ్ సెకనుకు 150 ఫ్రేములు గీయడం వృథా, గేమ్‌లోనో ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లోనో ఎఫ్‌పీఎస్‌కి హద్దు పెట్టండి. రెండోది, విండోస్ పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 100 నుంచి 99కి తగ్గించండి. ఆ ఒక్క శాతంతో టర్బో బూస్ట్, అంటే ప్రాసెసర్ తన మామూలు వేగాన్ని మించి పరిగెత్తడం, ఆగిపోతుంది. నా ల్యాప్‌టాప్ శుభ్రం చేశాక కూడా 90 దాటుతుండేది, ఇది మార్చాక 80 దగ్గర నిలబడింది. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ చిప్‌కీ వేడిని మోసే రాగి గొట్టాలు ఉమ్మడివి కాబట్టి రెండూ చల్లబడ్డాయి. ప్రాసెసర్ మీద భారం వేసే గేముల్లో ఎఫ్‌పీఎస్ కొంత తగ్గుతుంది, అది మీకు ఫర్వాలేదో లేదో ఆడి చూసుకోండి.

కూలింగ్ ప్యాడ్ నేనూ వాడి చూశాను, మూడు నాలుగు డిగ్రీలకు మించి తేడా లేదు. వెనక వైపు రెండు సీసా మూతలు పెట్టి ఎత్తినా దాదాపు అంతే వచ్చింది. మంచం మీద, దుప్పటి మీద పెట్టి మాత్రం ఆడకండి, గాలి లోపలికి పోయే కన్నాలు చాలావాటికి అడుగునే ఉంటాయి.

మోడల్ ఏదో, అరగంట తర్వాత రీడింగులు ఎంతున్నాయో, గాలి ఎలా వస్తోందో కింద రాయండి. చూసి ఏది ముందు చేయించాలో చెప్తాను.