డీఎంకే తమిళుల పార్టీయా, ద్రావిడుల పార్టీయా?

మీరు అడిగినవి రెండు: డీఎంకే అంటే తమిళుల తెలుగుదేశమేనా? పేరులో 'ద్రావిడ' పెట్టుకుని తమిళం గురించి తప్ప మాట్లాడరెందుకు? నేను పుట్టి పెరిగింది ఉత్తర చెన్నైలోని పాత వాషర్‌మన్‌పేటలో, తెలుగు మాట్లాడే ఇంట్లో. పార్టీ మనిషిని కాను. కొన్నిసార్లు వాళ్లకు ఓటు వేశాను, కొన్నిసార్లు వేయలేదు. చదివింది కొంత, కళ్లారా చూసింది కొంత కలిపి చెబుతాను.

తెలుగుదేశంతో పోలిక కుదరదు. ఆ పార్టీ 1982 మార్చిలో పుట్టి 1983 జనవరికల్లా గద్దెనెక్కింది. 1949లో పుట్టిన డీఎంకే అధికారం కోసం 1967 దాకా ఎదురుచూసింది. పుట్టేనాటికే దాని వెనుక ముప్పై మూడేళ్ల ఉద్యమం ఉంది. తమాషా ఏమిటంటే, దానికి పునాది వేసినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. మా వీధికి దగ్గరలోనే సర్ త్యాగరాయ కళాశాల ఉంది. ఆ పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువాడే. ఉద్యోగాల్లో, చదువుల్లో బ్రాహ్మణేతరులకు వాటా కావాలని 1916లో టి.ఎం.నాయర్ తదితరులతో కలిసి ఆయన పెట్టిన సంఘమే తరువాత జస్టిస్ పార్టీ అయింది. దాని తెలుగు పత్రిక పేరు 'ఆంధ్ర ప్రకాశిక'. మన జమీందారుల్లో పానగల్లు రాజా 1921 నుంచి 1926 వరకు, బొబ్బిలి రాజా 1930లలో మద్రాసు రాష్ట్రాన్ని ఏలింది ఆ పార్టీ తరఫునే. పట్టుచీరలు కొనడానికి మన ఊళ్ల నుంచి టి.నగర్ వచ్చేవాళ్లకు ఆ 'టి' త్యాగరాయదనీ, పక్కనున్న పానగల్ పార్కు మన రాజా వారిదనీ ఎవరూ చెప్పరు.

జమీందారుల పార్టీని జనంలోకి దించినవాడు పెరియార్ ఈ.వి.రామసామి. ఈరోడ్డువాడు, ఇంట్లో కన్నడం. 1925లో కాంగ్రెస్‌ను వదిలి, కులం మీద, దేవుడి మీద, పురోహితుడి మీద ఒకేసారి కత్తి దూశాడు. 1944లో సేలం మహాసభలో జస్టిస్ పార్టీ కాస్తా 'ద్రావిడర్ కళగం', అంటే ద్రావిడుల సంఘం, అయింది. బ్రిటిష్‌వాళ్లు ఇచ్చిన రావు బహదూర్ లాంటి బిరుదులు వదులుకోవాలని అక్కడే తీర్మానించారు. దాంతో పెద్దమనుషులు చాలామంది మెల్లగా జారుకున్నారు.

ఆయన శిష్యుడు అణ్ణాదురైకి గురువుతో రెండు చోట్ల చెడింది. 1947 ఆగస్టు 15ను సంతాప దినంగా పాటించమని పెరియార్ పిలుపునిస్తే, అది ఆనందించాల్సిన రోజని అణ్ణాదురై రాశాడు. 1949లో డెబ్భై ఏళ్ల పెరియార్ తనకన్నా ఎంతో చిన్నదైన మణియమ్మైని పెళ్లి చేసుకోవడంతో తాడు తెగింది. ఆ సెప్టెంబరులో కొత్త పార్టీ వెలిసింది: ద్రావిడ మున్నేట్ర కళగం. మున్నేట్రం అంటే ముందడుగు. పాత పేరులోని 'ర్' ఇందులో లేదు, చూడండి. 'ద్రావిడర్' అంటే మనుషులు, 'ద్రావిడ' అంటే నేల. నేల అన్నప్పుడు అందులో పుట్టినవాళ్లందరికీ చోటుంటుంది. నా దృష్టిలో డీఎంకే సిద్ధాంతంలో సగం ఆ ఎగిరిపోయిన అక్షరంలోనే ఉంది. అధ్యక్షుడి కుర్చీ మాత్రం పెరియార్‌దేనంటూ ఖాళీగా ఉంచారు.

తొలి బహిరంగ సభ రాయపురంలోని రాబిన్‌సన్ పార్కులో వానలో జరిగింది. మా తాత అందులో ఉన్నాడు. తడిసిన పంచెతో వస్తే నాయనమ్మ గుమ్మంలోనే నిలబెట్టి తిట్టిందట. ఆయనకు తమిళం చదవడం రాదు. జీవితాంతం సెలూన్‌లో ఎవరో ఒకరు పార్టీ పత్రిక 'మురసొలి' పైకి చదువుతుంటే విని ఇంటికొచ్చేవాడు. కరుణానిధి కార్యకర్తలకు ఆ పత్రికలో 'ఉడన్‌పిరప్పే' అని, అంటే తోబుట్టువా అని, ఉత్తరాలు రాసేవాడు. మా తాత ఆ మాటకే కరిగిపోయేవాడు.

ఇక మీ రెండో ప్రశ్న. డీఎంకే మొదట్లో అడిగిన ద్రావిడనాడు అంటే నాలుగు దక్షిణాది భాషల వాళ్లకూ కలిపి ఒక దేశం అన్నది కాగితం మీది మాట. అటు తెలుగువాళ్లేమో మద్రాసు నుంచి విడిపోవడానికే ప్రాణాలు ఒడ్డుతున్నారు. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరులో కన్నుమూసింది ఈ ఊళ్లోనే. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషా రాష్ట్రాలు వచ్చాక ద్రావిడనాడు అడిగేవాళ్లు తమిళులు తప్ప ఎవరూ మిగలలేదు. వేర్పాటు మాట ఎత్తితే పోటీకే వీల్లేకుండా 1963లో రాజ్యాంగాన్ని సవరించాక డీఎంకే కూడా ఆ కోరికను వదిలేసింది. దాని స్థానంలో రాష్ట్రాలకు అధికారాలు కావాలన్న వాదం వచ్చింది. దాని మీద కరుణానిధి 1969లో వేసిన సంఘానికి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? తెలుగులో నాటకాలు రాసిన పి.వి.రాజమన్నార్.

హిందీ వ్యతిరేక పోరాటం అందరికీ తెలిసిందే కాబట్టి దాటేస్తాను. 1967లో గెలిచాక వాళ్లు చేసిన పనుల్లో నాకు నచ్చింది పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలకు చట్టబద్ధత ఇవ్వడం. చిన్నప్పుడు మా ఎదురింటి అమ్మాయి పెళ్లి అలాగే జరిగింది. మంత్రాలు లేవు, హోమం లేదు. ముహూర్తం లేదన్నారు కానీ, వార్డు నాయకుడు ఆలస్యంగా వస్తే అందరం గంటన్నర కాచుకున్నాం. ఆయన ముప్పావుగంట ఉపన్యసించాక దండలు మార్చుకున్నారు. సాయంత్రం పెళ్లికొడుకు తల్లి జంటను చడీచప్పుడు లేకుండా మురుగన్ గుడికి తీసుకెళ్లింది.

నచ్చనివీ ఉన్నాయి. 1968 డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో గుడిసెలో తలదాచుకున్న 44 మంది దళితులను భూస్వాముల మనుషులు తగలబెట్టింది అణ్ణాదురై ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే. బ్రాహ్మణాధిక్యాన్ని ఎదిరించిన ఉద్యమం మధ్య కులాల ఆధిక్యం దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గించిందని నా అభిప్రాయం. వారసత్వం గురించి వేరే చెప్పాలా?

తమిళం ముచ్చట మా ఇంటిదాకా వచ్చింది. 2006లో కరుణానిధి ప్రభుత్వం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. హోసూరులో ఉండే మా అక్క కొడుకు ఆ ఏడాదే ఒకటో తరగతిలో చేరాడు. హిందీ రుద్దవద్దన్నవాళ్లు మనకు మాత్రం ఎందుకు రుద్దుతున్నారని మా అక్క అప్పట్లో చాలాకాలం గొణిగింది. తెలుగు సంఘాలు కోర్టులకెక్కి కొన్ని మినహాయింపులు తెచ్చుకున్నాయి, వీడి చదువు మాత్రం అంతా తమిళంలోనే సాగింది. ఈ మధ్య మా అమ్మాయి పెళ్లిపత్రిక తెలుగులో అచ్చువేయించి పంపితే, వాడు అక్కకు ఇచ్చి చదివించుకుని, నాకు ఫోను చేసి చక్కటి తెలుగులో శుభాకాంక్షలు చెప్పాడు.