మంచి చెవి పక్కన కొత్త చెవి: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఎడమ చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి పోయిన చెవిలో ఆపరేషన్ చేసి పెట్టే పరికరం) పెట్టించుకున్నాక ఆ చెవిలో షడ్జమం షడ్జమంలా లేదనీ, నాన్న గొంతు కార్టూన్ బొమ్మ గొంతులా కీచుగా ఉందనీ రాశావు. ఆపరేషన్ ఫెయిలయిందేమోనని టెన్షన్ పడకు. పెద్దయ్యాక రెండు చెవులూ పోయి ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్ళు కొత్త శబ్దాన్ని పాత జ్ఞాపకంతోనే పోల్చుకోవాలి. నీకు కుడి చెవి నిక్షేపంగా ఉంది, తేడాని అక్కడికక్కడే పట్టేస్తుంది. అందులోనూ వయొలిన్ వాయించే చెవి! నీలాంటి పేషెంటు వస్తోందంటే వినికిడి పరీక్షలు చేసే మా ఆడియాలజిస్టులకి కొంచెం బెరుకే.

కారణం చెబుతాను. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాని చుట్ట విప్పి చూస్తే సుమారు 35 మిల్లీమీటర్ల గొట్టం. మొదట్లో తారస్వరాల చోటు, లోపలి కొసన మంద్రస్వరాల చోటు. నరానికి కరెంటు అందించే ఇంప్లాంట్ ఎలక్ట్రోడ్ల తీగ చాలామందిలో ఆ కొసదాకా పోదు. అయినా మాట అర్థం కావాలంటే కింది శబ్దాలను కూడా పంపాలి కాబట్టి, చెవి బయట పెట్టుకునే ప్రాసెసర్ వాటిని తీగ చివరి ఎలక్ట్రోడ్లకే అప్పజెబుతుంది. అవి తగిలేది అంతకంటే పై స్వరాల చోట. గొంతులు కీచుమనేది అందుకే.

ఇంకో చిక్కుంది. నీది 22 ఎలక్ట్రోడ్ల న్యూక్లియస్ రకం ఇంప్లాంట్ అన్నావు. ఏ ఎలక్ట్రోడ్‌కి ఏ స్వరాలో చెప్పే దాని మామూలు పట్టికలో అన్నిటికంటే కింది ఎలక్ట్రోడ్ వంతు 188 నుంచి 313 హెర్ట్జ్‌ల దాకా. నీ శ్రుతి ఐదు. అంటే మధ్యస్థాయి షడ్జమం 196, పంచమం 294. రెండింటి మూలస్వరాలూ ప్రధానంగా ఒకే ఎలక్ట్రోడ్ మీద పడుతున్నాయి! వాటిని విడదీయడానికి ఆ చెవికి మిగిలేవి పైనున్న హార్మోనిక్సూ (మూలస్వరంతోపాటు మోగే పై స్వరాలు), అదురు వేగమూ మాత్రమే. గమకం సంగతి ఇప్పుడు అడక్కు.

నీకు పిచ్ మ్యాచింగ్ చేస్తామన్నారుగా, వెళ్ళు. ఎడమవైపు ఒక్కో ఎలక్ట్రోడ్‌ని మోగించి, కుడి చెవికి మామూలు స్వరం వినిపించి, ఏది పైన, ఏది కింద అని అడుగుతారు. వినడానికి తేలికగానే ఉంటుంది కానీ తప్పుదారి పట్టించే పరీక్ష. ముందు రెండు వైపులా శబ్దం ఒకే గట్టిగా ఉందా అని చూసుకో. గట్టిగా మోగేది పై స్వరంలా అనిపించవచ్చు. ఎడమవైపు శబ్దం జుమ్ముమని గరగరలాడినా పట్టించుకోకు, అది నాదం తేడా, ఎత్తు తేడా కాదు. మ్యాచింగ్ ఒకసారి పైనుంచి దిగుతూ, ఇంకోసారి కిందనుంచి ఎక్కుతూ చేయమని అడుగు. వినిపించే స్వరాల పరిధి మారిస్తే జవాబు కూడా అటే జారుతుందని కార్లయన్ అనే పరిశోధకుడి బృందం 2010లోనే చూపించింది. రెండు దారుల్లో రెండు జవాబులు వస్తే, ఆ ఎలక్ట్రోడ్‌కి ఇంకా జవాబు లేదని అర్థం. సిగ్గుపడకుండా ‘కుదరడం లేదు’ అని చెప్పు. నువ్వు మొహమాటానికి ఊ అంటే అది పట్టికలోకి ఎక్కి కూర్చుంటుంది.

వచ్చిన అంకెల ప్రకారం ప్రోగ్రామ్ మొత్తం మార్చేయమని పట్టుబట్టకు. స్వరాలను వాటి వాటి చోట్లకు జరిపితే కింది శబ్దాలు కొన్ని జారిపోయి మాట దెబ్బతినొచ్చు. నా ఓటు ముందు మాటకే. పైగా ఎలక్ట్రోడ్ పలికే స్వరం అలాగే ఉండిపోవాలనీ లేదు. 2007లో అమెరికాలోని అయోవాలో లీనా రైస్ అనే పరిశోధకురాలి బృందం పొట్టి ఎలక్ట్రోడ్ పెట్టించుకున్నవాళ్ళను గమనిస్తే, కొందరిలో అది నెలలు, ఏళ్ళ మీద రెండు స్థాయిల (ఆక్టేవ్‌ల) దాకా జరిగింది. అందరిలోనూ జరగలేదు. మెదడు కొత్త పట్టికకి అలవాటు పడాలంటే అది కుదురుగా ఉండాలి కదా! వెళ్ళిన ప్రతిసారీ మార్పించుకునేవాళ్ళకి ఆ అవకాశం ఉండదు.

రోజూ సాధన చేసేటప్పుడు మాత్రం కుడి చెవిని పక్కన పెట్టు. పరీక్షలో అది కొలబద్ద, సాధనలో అది కాపీ అందించే పక్క బెంచీ పిల్ల. దూది పెట్టుకున్నా, ఇయర్‌ప్లగ్ పెట్టుకున్నా కింది స్వరాలు దూరిపోతాయి. ఫోన్ నుంచి నేరుగా ప్రాసెసర్‌కి స్ట్రీమింగ్ పెట్టుకుని విను. మొదట చేతిలో పుస్తకం పెట్టుకుని దాని ఆడియో, తర్వాత వార్తలు. సంగీతం మృదంగంతో మొదలుపెట్టు. తాళం ఇంప్లాంట్‌లో బాగానే తెలుస్తుంది, ఉత్సాహం వస్తుంది. ఆ తర్వాత నోటికి వచ్చిన కీర్తనలు, ఒక్క గొంతుతో పాడినవి. ఆర్కెస్ట్రా ఇప్పుడే వద్దు.

మిగతా రోజంతా రెండు చెవులతో ఉండు. కుడి చెవి బాగానే ఉంది కదా అని ప్రాసెసర్‌ని డ్రాయర్‌లో పడేసేవాళ్ళను చూశాను. వాళ్ళకి ఎడమవైపు ఎప్పటికీ కొత్తే.

వయొలిన్ శ్రుతి చేసేటప్పుడు ప్రాసెసర్ తీసెయ్. వాయిద్యం ఎడమ భుజం దగ్గర ఉంటుంది, కీచు శబ్దం ముందు వచ్చి నిన్ను తికమక పెడుతుంది. తీగలు కుదిరాక పెట్టుకుని వాయించు. రాగం కుడి చెవి చూసుకుంటుంది. పక్కవాళ్ళు ఎటునుంచి మాట్లాడుతున్నారో తెలియడం, హోటల్ గోలలో ఎడమ పక్క కూర్చున్నవాళ్ళ మాట అందడం ఎడమ చెవి పని.

ఈసారి వెళ్ళేటప్పుడు ఆపరేషన్ తర్వాత తీసిన స్కాన్ ఉందేమో అడుగు. తీగ ఎంత లోపలికి పోయిందో అందులో కనబడుతుంది, దాన్ని చూసుకుని పట్టిక సర్దే పద్ధతి కూడా ఉంది. స్కాన్ కాపీ, ఇప్పటి ప్రోగ్రామ్ ప్రింటు రెండూ నాకు వాట్సాప్‌లో పెట్టు.

ఇట్లు,
మావయ్య