ఫోన్‌లో పాఠాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నేను, మా ఆయన పొద్దంతా పత్తి ఏరడానికి పోతాం. ఇంట్లో ఒకటే ఫోన్. ఎనిమిదో తరగతి చదివే బాబు రాత్రిపూట అందులో లెక్కల పాఠాలు చూస్తాడు. అడిగితే అంతా అర్థమైందంటాడు, మార్కులు మాత్రం రావడం లేదు. మేం ఐదో తరగతి దాటలేదు. వాడి చదువు ఎట్లా చూసుకోవాలె?
– ఒక తల్లి, నర్సంపేట

జవాబు: బాబు అబద్ధమాడుతున్నాడని అనుకోకండమ్మా. సారు చేస్తుంటే చూసినప్పుడు ప్రతి మెట్టూ తెలిసినట్టే ఉంటుంది. సొంతంగా చేయబోతేనే ఎక్కడ ఆగిపోతున్నాడో బయటపడుతుంది. అందుకే నోటుబుక్కు, పెన్ను ముందు పెట్టుకున్నాకే ఫోన్ ఇవ్వండి. సారు లెక్క బోర్డు మీద రాయగానే వీడియో ఆపాలి. లెక్క తనే చేయాలి. ఆ తర్వాతే మిగతా వీడియో చూసి సరిచూసుకోవాలి. ఇట్లా చూస్తే పావుగంట పాఠానికి అరగంట పడుతుంది. పడనివ్వండి.

లెక్కలు రాకున్నా జవాబు మీరు సరిచూడగలరు. ఒక సంఖ్యను మూడింతలు చేసి 7 కలిపితే 22 వచ్చింది, ఆ సంఖ్య ఎంత? ఎనిమిదో తరగతి సమీకరణాలు ఇట్లాంటివే. బాబు 5 అంటే, తిరిగి లెక్కపెట్టి చూపమనండి: 5 మూళ్లు 15, 7 కలిపితే 22. కూలి పైసలు లెక్కచూసుకునే మీకు అది కుదిరిందో లేదో తెలుస్తుంది. కుదరలేదంటే, 22 లోంచి 7 తీసేయాల్సిన చోట కలిపి ఉంటాడు. పిల్లలు ఎక్కువగా తప్పేది అక్కడే. అది మీరు దిద్దక్కర్లేదు, తిట్టక్కర్లేదు. ఆ పేజీ మడిచి, తెల్లారి బడిలో సారును అడగమనండి.

సైన్సు, సోషల్ అయితే పుస్తకం మూసి రెండు నిమిషాలు సొంత మాటల్లో చెప్పించుకోండి. వంట చేస్తూ వినొచ్చు, టీవీ మాత్రం కట్టేయండి.

ప్రశ్న: పాఠమని ఫోన్ ఇస్తే పాప షార్ట్స్ చూస్తోంది. రోజు డేటా సాయంత్రానికే అయిపోతోంది.
– ఒక తండ్రి, పరకాల

జవాబు: యూట్యూబ్‌లో వీడియో క్వాలిటీ (బొమ్మ స్పష్టత) 720 మీద నడిస్తే గంటకు దాదాపు 1 జీబీ పోతుంది. 360కి తగ్గిస్తే సుమారు మూడో వంతుతో సరిపోతుంది. బోర్డు మీది అక్షరాలు మసకగా ఉంటే 480 పెట్టండి.

ఫోన్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద ‘యాప్ పిన్నింగ్’ (ఫోన్‌ను ఒకే యాప్‌లో ఆపి ఉంచేది) ఉంటుంది (కొన్ని ఫోన్లలో పేరు కొంచెం మారుతుంది). దాన్ని ఆన్ చేసి, బయటికి రావాలంటే ఫోన్ లాక్ పిన్ అడిగేలా పెడితే పాప వేరే యాప్‌లోకి పోలేదు. అయితే యూట్యూబ్‌నే పిన్ చేస్తే షార్ట్స్ అందులోనే ఉంటాయి కాబట్టి లాభం లేదు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్ష (ప్రభుత్వం బడి పాఠాల కోసం పెట్టిన) యాప్‌తో స్కాన్ చేసి, రాత్రి మిగిలిన డేటాతో పాఠం డౌన్‌లోడ్ చేసుకోండి. మర్నాడు డేటా ఆపేసి, దీక్షను పిన్ చేసి ఇవ్వండి. ఆ లాక్ పిన్, మీ యూపీఐ పిన్ మాత్రం పాపకు తెలియనివ్వకండి.

ప్రశ్న: ఫోన్ చూశాక అమ్మాయికి తలనొప్పి వస్తోంది.
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: చీకట్లో, పడుకొని చూడనివ్వకండి. ఫోన్ కంటికి కనీసం అడుగు దూరంలో ఉండాలి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడాలి. బడిలో బోర్డు కూడా కళ్లు చిట్లించి చూస్తోందంటే ఆలస్యం చేయకుండా వరంగల్‌లోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో పరీక్ష చేయించండి.