ఏఆర్ పుస్తకాలతో పిల్లలకు ఇంగ్లిష్ చదవడం వస్తుందా?

మూడో తరగతి చదివే మీ పాపకు ఏఆర్ పుస్తకాలు, అంటే యాప్ తెరిచి ఫోన్ కెమెరా పెడితే పేజీలోని బొమ్మ తెర మీద లేచి నిలబడినట్టు కనిపించే పుస్తకాలు కొందామనుకుంటున్నారు, పిల్లలకు అవి నచ్చుతాయా, చదవడం వస్తుందా అని అడిగారు. నచ్చుతాయి, అందులో అనుమానం అక్కర్లేదు. చదవడం వస్తుందా లేదా అన్నది మాత్రం ఫోన్ ఎప్పుడు చేతికిస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది.

నేను తెలంగాణలో సర్కారు బడిలో ప్రైమరీ టీచర్ని. 2022-23లో మా దగ్గర ఇంగ్లిష్ మీడియం మొదలయ్యాక లెక్కల పుస్తకంలో కూడా ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు వచ్చాయి. పిల్లల చూపు తెలుగు పేజీ వదిలి రాదు. ఇంగ్లిష్ మీద కాస్త ఇష్టం కలుగుతుందేమోనని జంతువుల ఏఆర్ పుస్తకాలు సొంత డబ్బుతో కొన్నాను.

ఫోన్ పెట్టగానే పేజీ మీద ఎలుగుబంటి లేచి నిలబడింది. ఒకడు దాన్ని పట్టుకుందామని ఫోన్ కింద అరచెయ్యి పెట్టాడు. చెయ్యి బొమ్మకు అడ్డమొచ్చి ఎలుగుబంటి మాయం! ఇక క్లాసంతా గోల. కాసేపయ్యాక అదే పేజీలో బొమ్మ మూసి అక్షరాలు చూపిస్తే, అంతకుముందు 'బేర్' అని అరిచినవాళ్ళే 'బియర్' అని చదివారు. వాళ్ళనేం అనగలం? కెమెరా గుర్తుపట్టేది పేజీ మీది బొమ్మను. మాట పలికేది యాప్. ఒక్క అక్షరం చదవకపోయినా ఎలుగుబంటి వచ్చేస్తుంది.

పిల్లల్నే అడిగాను, ఎలా ఉందిరా అని. బాగా చదివేవాడు 'ఇది చిన్నపిల్లలది సార్' అని తేల్చేశాడు. బొమ్మ ఆట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక వాడికి లేదు. క్లాసులో నోరు విప్పని ఒక అమ్మాయి మాత్రం పుస్తకం పట్టుకుని మూలకు వెళ్ళి, యాప్ అన్న మాటనే మళ్ళీ మళ్ళీ అంటోంది. ఎందుకమ్మా అంటే 'తప్పు చదివినా ఫోన్ నవ్వదు కద సార్' అంది. ఆ పుస్తకాలకు పెట్టిన డబ్బు గిట్టుబాటైంది నా లెక్కలో ఆ పిల్ల దగ్గరే.

ఇప్పుడు పేజీలోని మాటను పిల్లలు ముందు తామే చదివాకే ఫోన్ ఇస్తాను. తప్పు చదివినా సరే, ప్రయత్నం చెయ్యాలి. అప్పుడు యాప్ గొంతు విని వాళ్ళే సరిచేసుకుంటారు.

కొనేముందు ఆ యాప్ మీ ఫోన్లో పనిచేస్తుందో లేదో చూసుకోండి. నున్నటి కాగితం మీద ట్యూబ్‌లైట్ మెరుపు పడితే బొమ్మ సరిగా రాదు, కిటికీ వెలుతురులో కూర్చోబెట్టండి. బడి పుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ వేరే సంగతి, దాన్ని స్కాన్ చేస్తే సర్కారు వారి చదువుల యాప్ దీక్షలో వీడియోలాంటి పాఠం తెరుచుకుంటుంది, అంతే.

మీ పాపకు అక్షరాలు వచ్చి, గట్టిగా చదవడానికే బెరుకైతే నేను ముందు గూగుల్ రీడ్ అలాంగ్ చూడమంటాను. 2019లో బోలో పేరుతో వచ్చిన యాప్ అదే. ఉచితం. పిల్ల చదువుతుంటే వింటుంది, తడబడిన మాట దగ్గర సాయం చేస్తుంది. తెలుగు కథలూ ఉన్నాయి.