అమరోనే వైన్ అంత గాఢంగా ఎందుకుంటుంది?

ఇటలీలో వెరోనా పక్కనున్న వల్పోలిచెల్లా ప్రాంతపు రెడ్ వైన్ ఇది. దాని బలమంతా ద్రాక్షను ఆరబెట్టడంలోనే ఉంది. కొర్వీనా, రొండినెల్లా వంటి రకాల గుత్తులను గాలి బాగా ఆడే అటకల మీద మూడు నాలుగు నెలలు పరుస్తారు. ఎండలో కాదు, నీడలోనే. ఈ ఓపిక నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. నీరు ఆవిరై బరువులో దాదాపు మూడో వంతు పోతుంది; చక్కెర, రంగు, వగరు చిక్కబడతాయి. పులిసేటప్పుడు ఈస్ట్ ఆ చక్కెరను ఇంచుమించు పూర్తిగా ఆల్కహాల్‌గా మారుస్తుంది. అందుకే కనీసం 14 శాతం ఉంటుంది, తరచూ 15 దాటుతుంది. చక్కెర మిగిలి ఉండగానే పులియడం ఆగితే వచ్చేది తీపి వైన్ రెచోటో. అమరోనే తీశాక మిగిలిన పిప్పి మీద మామూలు వల్పోలిచెల్లా వైన్‌ను మళ్లీ పులియబెడితే రిపాస్సో. దాని ధర తక్కువ, మొదటిసారి రుచి చూసేవారికి అదే మేలు.